వర్లిన్ చెవి

విస్కాన్సిన్ పల్లెల్లో పాతకాలపు తోటపని ట్రాక్టర్లను బాగుచేసే వర్లిన్, స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకూ పిడిని చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని, ఏ బండి మేలో తేల్చేవాడు. ఆయన మాటకు తిరుగుండేది కాదు. ఈసారి కౌంటీ సంతలో తన ఎర్రబండినీ స్నేహితుడు హార్లన్ పచ్చబండినీ పక్కపక్కన ఆన్ చేసి విన్నాడు.

"నీ ఇంజనే చెడి కొట్టుకుంటోందిరా హార్లన్!"

చుట్టూ ఉన్నవాళ్లు తలలు దించుకున్నారు. టకటకా కొట్టుకుంటున్నది ఎర్రబండే. హార్లన్ నోరు తెరవబోతే, వర్లిన్ భార్య ఆర్డిస్ కళ్లతోనే వారించి, భర్త అరచేతిని ఎర్రబండి బానెట్ మీద ఆనించింది. ఆ దెబ్బలు ఆయన చేతికి తెలిశాయి. ఇంజను ఆపేశాడు.

"నాకు వినపడట్లేదని నీకెప్పుడు తెలిసిందే?"

ఆమె ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా అంది: "పిలిస్తే పలకడం మానేశాక. మొదట్లో నామీద కోపమేమో అనుకున్నా."