తమలపాకు మీద నేను రాసిన వ్యాసం

ఆసుపత్రిలో చేరే ముందు రోజు మా మేనత్త, చిన్నమ్మాయి అత్త, కొత్త చింతపండులో గింజలు తీసింది. పులుపు నోట తగిలితే విలవిల్లాడే మనిషి, ఏడాదికి సరిపడా తీసి, ఉప్పు కలిపి, జాడీకెత్తి, చేతులు కడుక్కుంది. మళ్ళీ ఆ ఇంటికి తిరిగి రాలేదు.

ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు ఎదుట ఇరవై ఏళ్ళు ఇడ్లీ బండి నడిపింది అత్త. పొద్దున్నే పొయ్యి ముట్టించగానే ఆకూ వక్కా సున్నంతో పాటు చిటికెడు జర్దా ఎడమ బుగ్గన పెట్టుకునేది. బండి కట్టేశాక ఇంకోటి. మానమని నేనెప్పుడూ గట్టిగా చెప్పలేదు.

నేను రాజమండ్రిలో ఒక చిన్న మాసపత్రికకు సైన్సు పేజీ రాస్తుంటాను. ఇంగ్లీషులో వచ్చిన పరిశోధనలను తెలుగు చేయడం నా పని. ఒక నెల, తమలపాకులోని ఒక పదార్థం నోటి క్యాన్సర్ కణాలను చంపుతోందన్న వార్త దొరికింది. పెళ్ళి తాంబూలాలతో, ఆకు పచ్చదనంతో అందంగా ఎత్తుకుని రాశాను. ఎనిమిది లైన్లు తగ్గించమన్నారు. ఆ ఎత్తుగడ వదులుకోలేక చివరి పేరా తీసేశాను. ఇదంతా గాజు పళ్ళెంలో పెంచిన కణాల మీద జరిగిందనీ, మనిషి నోట్లో పనిచేస్తుందో లేదో ఇంకా తెలియదనీ ఉన్నది ఆ పేరాలోనే.

పత్రిక పట్టుకెళ్ళిన బుధవారం అత్త నా చేతే చదివించుకుంది.

“అల్లుడూ, నోట్లో మచ్చలకి కూడా పనిచేస్తుందంటావా?”

“ప్రయోగాల్లో తేలింది అత్తా,” అన్నాను. ఏ మచ్చలని అడగలేదు. బాగా రాశావంటుందేమోనని చూస్తున్నాను.

ఆ వారం నుంచే జర్దా, వక్క, సున్నం మానేసింది. ఉత్త ఆకులే రోజుకు పదేసి నమిలేది. వ్యాసం కత్తిరించి పర్సులో పెట్టుకుని, బండి దగ్గరకొచ్చిన వాళ్ళందరికీ చూపించేది.

“ఏంటండీ చిన్నమ్మాయి గారూ, రేపట్నించి చట్నీ బదులు తమలపాకేనా?” అని ఆఫీసు గుమాస్తా లోకనాథ్ ఆటపట్టించేవాడు.

“మూడోసారి చట్నీ అడిగేవాళ్ళకి ఆకే వేస్తానండి. ముందది చదవండి, మా అల్లుడు రాసింది.”

అయిదు నెలలకు నోట్లోకి రెండు వేళ్ళు కూడా పట్టని స్థితి వచ్చాక అప్పుడు నాతో చెప్పింది. రాజమండ్రి తీసుకెళ్ళాను.

“ఇన్నాళ్ళూ ఏం వాడారమ్మా?” అన్నారు డాక్టరు గారు.

అత్త పర్సులోంచి కాగితం తీసి, నా వైపు చూపిస్తూ, “ఈ అబ్బాయే రాశాడండి,” అంది. మాట ముద్దగా వచ్చింది గానీ మొహం వెలిగిపోతోంది.

ఆయన చదివి తలెత్తారు. “కింద ఇంకేదో ఉండాలే?”

“ఇంతేనండి,” అన్నాను.

ఆపరేషన్ తరువాత పందొమ్మిది రోజులు బతికింది.

పెద్దకర్మ నాడు విస్తళ్ళు తీస్తూ పక్కింటి బేబి అంది: “మీకు తెలీదాండి? ఆ మచ్చ చూపించుకోడానికి మేమిద్దరం ముందే పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చామండి. ముక్క తీసి పరీక్ష చెయ్యాలి, గురువారం రమ్మన్నారు. ఆటో కూడా మాట్లాడేసుకున్నాం. ఆ పొద్దున నేను చీర కట్టుకుని వస్తే, ‘ఇంక అక్కర్లేదే బేబీ, రాత్రే ఆటో వద్దన్నాను, మా అల్లుడు నిన్న చదివి వినిపించాడు’ అంది.”