మాస్టారి రెండు కుర్చీలు

కరోనాతో ఆసుపత్రిలో చేరిన దేవదానం మాస్టారు మంగళవారం ఉదయం ప్రభువు సన్నిధికి చేరారన్న వార్త విని నిశ్చేష్టురాలినయ్యాను. విదేశంలో, ఈ టాలట్ ఊళ్లో వృద్ధులను చూసుకునే కేరర్లుగా పనిచేస్తూ, నర్సులుగా నమోదు కావడానికి ఇంగ్లిషు పరీక్షతో కుస్తీ పడుతున్న మాబోటివాళ్లకు ఆయన పెద్దదిక్కు. గుంటూరు జిల్లాలో ముప్ఫయ్యేళ్లు ఇంగ్లిషు బోధించి, రిటైరై కూతురింటికి వచ్చిన ఆ విద్వన్మూర్తి ప్రతి ఆదివారం వాళ్ల వంటింట్లోనే మాకు పాఠం చెప్పేవారు.

యాక్టివ్ వాయిస్, పాసివ్ వాయిస్ అంటే మేమంతా సూత్రాలు బట్టీపట్టి వచ్చినవాళ్లం. మాస్టారు సూత్రం అడగలేదు. ఎదురెదురుగా రెండు కుర్చీలు వేశారు. పని చేసినవారిది ఒకటి, ఆ పని ఎవరికి జరిగిందో వారిది రెండోది. మొదటి కుర్చీలో వాక్యం చెప్పి, లేచి రెండో కుర్చీలో కూర్చుని, అదే సంగతి అవతలివారి వైపు నుంచి చెప్పాలి. నేను అలవాటుగా పిల్లి ఎలుకను చంపింది అంటూ ఇంగ్లిషులో అందుకున్నాను.

"పాపం ఆ ఎలుకను ఎన్నాళ్లని చంపుతారమ్మా? దాన్నొదిలేసి, ఇవాళ నువ్వు నిజంగా చేసిన పనేంటో చెప్పు" అన్నారు.

పొద్దున ఒక ముసలమ్మకు జుట్టు దువ్వానన్నాను. కుర్చీ మారి ఆవిడ తరఫున చెప్పాను. వాక్యం ఎక్కడా తప్పు పోలేదు.

లాక్‌డౌన్ వచ్చాక పాఠం ఫోన్లో వీడియో కాల్‌కు మారింది. ఎవరి వంటింట్లో వాళ్లం రెండేసి కుర్చీలు వేసుకునేవాళ్లం. ఒక్కదాన్నే అటూ ఇటూ మారుతుంటే మా పాప వచ్చి, "ఆర్ యూ ఓకే, మమ్మీ?" అని అడిగేది.

అప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పాను. మూడోసారీ పోతే నర్సు ఉద్యోగం మీద ఆశ వదులుకుంటానని పరీక్ష ముందరి ఆదివారం మాస్టారితో చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు.

"శాంతీ, ఇవాళ మనిద్దరం కుర్చీలు మారదాం. నువ్వు పాఠం చెప్పు, నేను వింటాను" అన్నారు.

డెబ్బయ్యేళ్ల పండితుడు నోట్సు తెరిచి కూర్చుని, కావాలని తప్పులు చెబుతుంటే, వాటిని దిద్దుతూ దిద్దుతూ నా భయం ఎప్పుడు పోయిందో నాకే తెలియలేదు.

నేను పాసైన కబురు వచ్చేసరికి ఆయన ఆసుపత్రిలో ఉన్నారు. కూతురు సునీతక్క ఫోన్లో చెబితే, "నాకు తెలుసు. వచ్చే ఆదివారం క్లాసు ఆపొద్దు, శాంతిని చెప్పమను" అన్నారట. మేము విన్న ఆయన చివరి మాట అదే.

అంత్యక్రియలకు కొద్దిమందినే రానిచ్చారు. మిగిలిన శిష్యులం శవవాహనం వెళ్లే దారిలో దూరం దూరంగా నిలబడి చేతులు జోడించాం. అటువంటి గురువు మాకిక దొరకరు, ఆ లోటు తీరేది కాదు. అయినా మొన్న ఆదివారం పాఠం చెప్పడానికి ఫోన్ ముందు కూర్చున్నాను. క్లాసులో ఉన్న ఐదుగురూ వచ్చారు. కొత్తగా చేరిన అమ్మాయి పిల్లీ ఎలుకతోనే మొదలుపెట్టింది.

"దాన్నొదిలెయ్యమ్మా. ఇవాళ నువ్వు చేసిన పనేంటో చెప్పు" అన్నాను.

ఒక పెద్దాయనకు సూప్ తాగించానని మెల్లగా ఇంగ్లిషులో చెప్పింది.

"బాగుంది. ఇప్పుడు లేచి, ఆ రెండో కుర్చీలో కూర్చో."