కుర్చీల్లో కూర్చున్న బ్యాండు

నిన్న సాయంత్రం మా వీధిలోంచి డీజే బండి వెళ్ళింది. ముందు కిటికీ అద్దాలు వణికాయి, తర్వాత నేను కూర్చున్న కుర్చీ, ఆ తర్వాత నా పక్కటెముకలు. ఏం పాటో తెలియలేదు. తెలియాల్సిన అవసరం దాని వెనక గెంతుతున్న వాళ్ళకీ ఉన్నట్టు లేదు. బండి మలుపు తిరిగాక వీధిలో కాసేపు డీజిలు పొగ వాసన మిగిలింది. ఆ వాసనకి ఎవరికైనా దగ్గొస్తుంది. నాకు మాత్రం ముందు రత్నమ్మగారు గుర్తొస్తారు, దగ్గు తర్వాత వస్తుంది. ఆవిడ పోయి ఏడాది దాటింది. కొవ్వూరు మెయిన్ రోడ్డులో స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు ఆవిడది. భర్త పోయాక "ఆడమనిషి గల్లాపెట్టె దగ్గరేంటి" అన్న వాళ్ళందరికీ బిందెలమ్మి ఆ కొట్టు నిలబెట్టిన మనిషి. కొట్టుతో పాటు ఆవిడ ఇంకొకటి కూడా నిలబెట్టారు. దాని పేరు పెద్ద బ్యాండు అభిమానుల సంఘం. అవును, పెళ్ళి ఊరేగింపుల్లో ఊదే బ్యాండే. పేరు విని నవ్వే వాళ్ళు నవ్వవచ్చు. ఊళ్ళో చాలామంది నవ్వారు. ఆవిడ కూడా వాళ్ళతో పాటు నవ్వి, ఆ నవ్విన వాళ్ళనే సభ్యులుగా చేర్చుకునేవారు.

నేను ఆ సంఘంలోకి అభిమానంతో రాలేదు, పోట్లాటకి వచ్చాను. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం, రోజూ బస్సులో బ్రిడ్జి దాటి వెళ్ళిరావడం. ఆదివారం ఒక్కటే నాది. వర్తక సంఘం వారి కల్యాణ మండపం వెనక సందులో కొత్తగా అద్దెకి దిగాం. మొదటి ఆదివారమే, మధ్యాహ్నం కునుకు పట్టే వేళకి, గోడ అవతల బ్యాండు మొదలైంది. ఎవరిదో పెళ్ళి ఊరేగింపు, ముందుకి పోతుందిలే అనుకున్నాను. పోలేదు. ఉన్నచోటే ఉండి వాయిస్తోంది. చెప్పులు వేసుకుని విసవిసా వెళ్ళాను.

మండపం ఆవరణలో బ్యాండు వాళ్ళు ఎర్రకోట్లు వేసుకుని కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వాళ్ళకి ఎదురుగా రైసుమిల్లు ఆయన, మందుల షాపాయన, రిటైరైన హెడ్మాస్టరు, ఇంకా ఊళ్ళో అంతో ఇంతో పేరున్న ఆడా మగా నిలబడి ఉన్నారు. అందరి చేతులూ వెనక్కి కట్టుకుని ఉన్నాయి, బళ్ళో అల్లరి చేసి దొరికిపోయిన పిల్లల్లా. నాకు అవేమీ ఆలోచించే ఓపిక లేదు. కాస్త ఆపుతారా అని అడుగుదామని చెయ్యెత్తాను. ఇంకా నోరు తెరవనేలేదు. బ్యాండు మొత్తం ఠక్కున ఆగిపోయింది. క్లారినెట్ సగం మాట మింగినట్టు ఆగింది. పెద్ద డ్రమ్ము వాయించేవాడి కర్ర గాల్లోనే ఉండిపోయింది. అందరూ తిరిగి నన్ను చూశారు.

"ముందు ఆ చెయ్యి దించమ్మా," అందొక పొట్టి మనిషి, జరీ అంచు నేతచీర, ముక్కుమీదికి జారిన కళ్ళజోడు. ఆవిడే రత్నమ్మగారు.

"నిద్రపోతున్నామండి," అన్నాను నేను కోపంగా.

"మేం మేలుకునే ఉన్నాం," అని క్లారినెట్ ఊదే ఆయన వైపు తిరిగారు. "మాస్టారూ, మళ్ళీ మొదట్నుంచీ పట్టండి. కొత్తమ్మాయి వింటుంది."

వినడానికి రాలేదని చెప్పేలోపే పాట మొదలైంది. అది హిందోళ రాగమని నాకప్పుడు తెలియదు. ఊరేగింపులో అయితే బ్యాండు మన ముందు నుంచి నడిచిపోతుంది, పాటలో ఓ ముక్క మన చెవిన పడుతుంది, అంతే. ఒక పాటని బ్యాండు మొదలుపెట్టి, విస్తరించి, నెమ్మదిగా దించి, కింద పెట్టడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి వినడం. ఒళ్ళో పిల్లాణ్ణి కూర్చోబెట్టుకున్నట్టు పట్టుకునే పెద్ద ఇత్తడి బాకా ఒకటుంటుంది. పెళ్ళిళ్ళలో దాని గొంతు ఎవరికీ పట్టదు. ఆ రోజు పాటంతటినీ అదే మోస్తోందని తెలిసింది. నేను కూడా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోయాను.

పాటయ్యాక రత్నమ్మగారు సంగతి చెప్పారు. బ్యాండు వాళ్ళ పనే అంతట. పెళ్ళింట ఎవరు చెయ్యెత్తితే వాళ్ళే యజమాని. పురోహితుడు ఎత్తినా, వీడియో తీసేవాడు ఎత్తినా, పెళ్ళికొడుకు తాతగారు విసనకర్ర ఎత్తినా ఆపాల్సిందే. ఆపకపోతే తిట్లు. అందుకని వాళ్ళ కళ్ళు వాయిద్యం మీదకంటే జనం చేతుల మీదే ఉంటాయి. సంఘం మొదటి సమావేశంలో హెడ్మాస్టరుగారు ఆనందం పట్టలేక భేష్ అంటూ చెయ్యెత్తారట. బ్యాండు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెడితే ఈసారి మందుల షాపాయన ఎత్తారట. మళ్ళీ ఆగిపోయింది. "ఇలా అయితే మన అభిమానమే వీళ్ళ పీక నొక్కుతుందని, అందరి చేతులూ వెనక్కి కట్టించేశాను," అన్నారావిడ. సంఘానికి రాసుకున్న నియమావళి ఏమీ లేదు. పాట మధ్యలో ఎవరూ చెయ్యెత్తకూడదు, ఊదేవాళ్ళు కూర్చోవాలి, వినేవాళ్ళు నుంచోవాలి, ఫలహారం ముందు బ్యాండుకి, ఆ తర్వాతే మనకి. అన్నీ నోటిమాటలే.

కుర్చీల సంగతి తేలిగ్గా తేలలేదట. బ్యాండుకి పెద్ద బాజీ మాస్టరు. క్లారినెట్ ఆయనది. గడ్డం నెరిసింది గానీ ఊపిరి నెరవలేదు అనేవారు రత్నమ్మగారు. మొదటి రోజు ఆయన కుర్చీ వంక చూసి, "కూర్చుంటే ఊపిరి సరిగ్గా రాదండి, అమ్మగారూ" అన్నారట.

"కచేరీల్లో అందరూ కూర్చునే కదయ్యా ఊదుతారు!"

"వాళ్ళు వేరండి."

"ఏంటి వేరు?"

అక్కడున్న వాళ్ళందరికీ ఆ వేరేమిటో తెలుసు. ఎన్ని పెళ్ళిళ్ళకి ఊదినా ఏ పెళ్ళింటా వాళ్ళని కూర్చోమన్న వాళ్ళు లేరు. అన్నాలు కూడా అందరి తర్వాత, పందిరి వెనకాలే. "మీరు నుంచుంటే మేమెలా కూర్చుంటామండి," అన్నారట చివరికి. "నాకు మోకాళ్ళ నొప్పులు, మాస్టారూ. మీరు ఎంత తొందరగా కూర్చుంటే పాట అంత తొందరగా అవుతుంది, నేనంత తొందరగా ఇంటికెళ్ళి కూర్చుంటాను," అన్నారట ఈవిడ. ఆయన నవ్వేసి కూర్చున్నారు. ఆవిడ పట్టుదల ఎప్పుడూ అలాగే ఉండేది. ఎదుటివాడికి కోపం తెచ్చుకునే సందు ఇచ్చేవారు కాదు.

అసలు మీకు బ్యాండంటే ఎందుకింత ఇష్టమండీ అని ఓసారి అడిగాను. కొట్లో ఇత్తడి చెంబులు తుడుస్తూ కూర్చున్నాం. ఆవిడ తుడవడం ఆపలేదు. "నా పెళ్ళిలో నేను చూసిందేమీ లేదు, శ్యామలా. తల ఎత్తితే మా అమ్మ గిల్లేది. వినడం ఒక్కటే. పల్లకీలో కూర్చున్నాను, బ్యాండు ఏదో ఎత్తుకుంది. ఎంత బాగుందో! ఏడుపాగిపోయింది నాకు. ఇంతలో మా మావగారు చెయ్యెత్తారు, ఎవరో పెద్దాయన వస్తున్నాడని. ఆగిపోయింది. మళ్ళీ అది ఎత్తుకోలేదు. మిగతా సగం ఏంటో నాకివాళ్టికీ తెలీదు." చెంబుని వెలుగులోకి పట్టుకుని చూసి, "నా పెళ్ళిలో నాకోసం వాయించినట్టున్నది అదొక్కటే. అది కూడా సగమే," అన్నారు. నేను ఇంకో చెంబు అందుకున్నాను. ఆవిడకి నా జాలి అక్కర్లేదని అర్థమైంది.

ఏటా దసరాకి వర్తక సంఘం వారు అమ్మవారి ఊరేగింపు చేస్తారు. ముందు బాజీ మాస్టరు బ్యాండు నడవడం ఎప్పట్నుంచో ఉన్న ఆనవాయితీ. ఒక ఏడాది బ్యాండు తీసేసి డీజే పెట్టాలని తీర్మానించారు. వర్తక సంఘం అధ్యక్షుడు స్వయానా రత్నమ్మగారి మరిది, సత్యంగారు. ఆ సంగతి చెప్పడానికి కొట్టుకి వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను.

"కుర్రాళ్ళు డీజే అంటున్నారు వదినా. కాలంతో పాటు వెళ్ళాలి కదా."

"వెళ్ళు నాయనా, ఎవరొద్దన్నారు? బ్యాండుని కూడా తీసుకెళ్ళు."

"రెండూ ఒకచోట కుదరవు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎన్నిసార్లు చెప్పాలి మీకు?"

"శంఖమైనా నోటితో ఊదుతున్నావు, సంతోషం. డబ్బాలో పెట్టి మోగించట్లేదు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఊరేగింపులో బ్యాండు కనిపిస్తే మండపంలో మీ సంఘానికి చోటుండదు, ఆలోచించుకోండి అని వెళ్ళిపోయారు. రత్నమ్మగారు ఆలోచించుకున్నట్టే కనిపించలేదు. ఆ సాయంత్రమే బాజీ మాస్టరుకి కబురు పెట్టారు. ఊరేగింపులో బ్యాండు ఉండకూడదన్నారు గదా, ఉండదు. మెయిన్ రోడ్డులో తన కొట్టు ముందు, తన సొంత అరుగు మీద, కుర్చీల్లో ఉంటుంది. అమ్మవారు అటుగా వెళ్తే వింటుంది.

ఆ రోజు డీజే బండి మలుపు తిరిగేసరికి మా వాళ్ళు ఆనందభైరవి మధ్యలో ఉన్నారు. అరుగు కింద మేమందరం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాం. బండి సరిగ్గా కొట్టు ముందు ఆగింది. సత్యంగారు ముందుకొచ్చి, ఊరంతా చూస్తుండగా చెయ్యెత్తారు. బ్యాండు ఆగిపోయింది. ఏళ్ళ తరబడి ఒంట్లో ఇంకిన అలవాటు, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? బాజీ మాస్టరు క్లారినెట్ దించి తల వంచుకున్నారు. ఆ క్షణాన నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇక అయిపోయిందనుకున్నాను.

రత్నమ్మగారు అరవలేదు. మరిది వంక చూడను కూడా లేదు. "మాస్టారూ," అన్నారు, "ఆ చెయ్యి మనది కాదు. పాట మధ్యలో ఉంది."

బాజీ మాస్టరు ఆవిణ్ణి చూశారు, ఎత్తిన చేతిని చూశారు. ఆ చెయ్యి ఇంకా పైనే ఉంది. ఆయన క్లారినెట్ పెదాలకి ఆనించారు. ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచే ఎత్తుకున్నారు. మిగతా వాళ్ళు ఒక్కొక్కరే కలిశారు. సత్యంగారు చెయ్యి ఎప్పుడు దించారో నేను చూడలేదు. డీజే కుర్రాడు మాత్రం చప్పుడు పూర్తిగా పెంచేశాడు. ఇక బ్యాండు ఒక్క ముక్క వినపడితే ఒట్టు. కొట్లో బోర్లించిన గిన్నెలు ఒకటొకటే జారి పడుతున్నాయి, ఆ పడ్డ చప్పుడు కూడా వినపడలేదు.

నేను ఆవిడ చెవిలో గట్టిగా అరిచాను, "ఏం వినపడట్లేదండీ!"

"వేళ్ళు చూడు," అని తిరిగి నా చెవిలో అరిచారు. "వాళ్ళు ఊదుతున్నారు కదా. పాటయ్యేదాకా నుంచుందాం."

నిలబడ్డాం. క్లారినెట్ మీద వేళ్ళు కదలడం, బుగ్గలు పొంగడం, పెద్ద బాకా అతని మెడనరాలు బిగుసుకోవడం చూస్తూ, చెవికి అందని పాటని చివరిదాకా విన్నాం. డీజే బండి విసుగొచ్చి ముందుకి కదిలి అవతలి మలుపు దాటేసరికి పాట ముగింపుకి వచ్చింది. ఆఖరి వరస నిశ్శబ్దంలో పడింది. వీధి మొత్తం దాన్ని విన్నది. అమ్మవారి ట్రాక్టరు డ్రైవరు కూడా ఇంజను ఆపేసి విన్నాడు. అంతకు మించి మేం గెలిచిందేమీ లేదు. మర్నాడే మండపం తలుపులకి తాళం పడింది. మరిది గారింట శుభకార్యాలకి ఆవిడకి పిలుపులు ఆగిపోయాయి. వర్తక సంఘంలో ఆవిడ సభ్యత్వం కూడా ఊడింది. "మంచిదే, అక్కడ కూర్చుంటే నాకు నిద్రొచ్చేది," అన్నారు.

ఆ తర్వాత ఆవిడ పోయేదాకా సంఘం కొట్లోనే నడిచింది. ఆదివారం వ్యాపారం కట్టేసి, గంగాళాలూ బిందెలూ గోడకి జరిపి, నడుమ కుర్చీలు వేసేవాళ్ళం. పెద్ద బాకా కింది స్వరం పట్టినప్పుడల్లా కొట్లో ఇత్తడంతా సన్నగా పలికేది. బాజీ మాస్టరు మొదట భయపడ్డారు, తర్వాత ఆ పలుకు కోసమే ఒక్కో స్వరం మీద ఎక్కువసేపు ఆగేవారు. చివరి రోజుల్లో ఆవిడకి చెవుడొచ్చింది. అయినా కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. అందరితో పాటే నుంచునేవారు.

నాకు ఆఫీసులో నోరు లేని మనిషని పేరు. పై అధికారి మాట మధ్యలో చెయ్యి అడ్డం పెడితే ఆపేసి కూర్చునేదాన్ని. ఆ దసరా తర్వాత అది మానేశాను. అరవను, వాదించను. చెప్పేది పూర్తయ్యేదాకా చెప్తాను. దీనివల్ల నాకు రావలసిన ప్రమోషను ఒకటి ఆలస్యమైందని మా వారంటారు. అయి ఉండవచ్చు. నాకు బాధ లేదు.

ఇప్పుడా కొట్టు సెల్‌ఫోన్ల షోరూము. రత్నమ్మగారి అబ్బాయి మంచివాడే, కానీ అద్దెకిచ్చాక అతని చేతిలో ఏముంది? సంఘం కోసం మళ్ళీ మండపం అడిగితే, పాతవన్నీ ఎందుకు తవ్వుతారమ్మా అన్నారు. స్కూలు వాళ్ళు పరీక్షలన్నారు. సంఘం ఎత్తేస్తున్నారట కదా అని మందుల షాపాయనే నన్ను ఓదార్చబోయారు. డీజే బండి వెళ్ళిపోయాక నిన్న బాజీ మాస్టరుకి ఫోను చేశాను.

"ఆదివారం బ్యాండు ఉందండి, మాస్టారూ."

"ఆయ్, అలాగేనండి. ఎక్కడండీ?"

"మా ఇంటి ముందు. రోడ్డు మీద."

"రోడ్డు మీదంటే... ఒప్పుకుంటారాండీ?"

"అడగట్లేదండి."