రేకుల కొట్టు మస్తాన్ గారి దగ్గు

ఈ ఉదయం వంటింట్లో ఉండగా ఎదురు సందులో రేకులు కోసే మిషన్ మోత మొదలైంది. కాసేపటికే కిటికీలోంచి ఆ వాసన వచ్చింది, కాలిన సిమెంటు వాసన. నాలుక మీద సున్నం రాసినట్టు నోరంతా పొడిబారిపోయింది. గరిటె పక్కన పెట్టి, బకెట్ నిండా నీళ్లు పట్టుకుని బయటికి నడిచాను. ఆ మోత వినగానే నీళ్లు పట్టుకెళ్లే అలవాటు నాకు మస్తాన్ వలీ గారి నుంచి వచ్చింది. ఆయన పోయి కొన్నేళ్లయింది.

చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో ఆయనకు సిమెంటు రేకుల కొట్టు ఉండేది. పదో తరగతితో చదువాగిపోయిన నేను పెళ్లయ్యాక అక్కడ బిల్లులు రాసే పనిలో చేరాను. గొడ్ల చావిడైనా, పత్తి మిల్లయినా, మిర్చి గోడౌనైనా, బడైనా ఆ చుట్టుపక్కల కప్పు అంటే ఆయన అమ్మిన రేకే. కొలతకు రేకు కోసి ఇవ్వడం మాత్రం ఆయనే చేసేవారు. కూలివాళ్లు కోస్తే అంచు విరుగుతుందని ఆయన నమ్మకం. రాలిన తెల్లటి పొడిని ఊడ్చి డబ్బాలో దాచేవారు. కారే రేకుకు ఆ పొడి సిమెంటులో కలిపి పూస్తే చిల్లు మూసుకుంటుందని ఊరందరికీ తెలుసు. ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. "పట్టుకెళ్లమ్మా, దుమ్ముకి కూడా డబ్బు తీసుకుంటే అల్లా ఊరుకోడు" అని నవ్వేవారాయన.

ఆ నవ్వు చివర దగ్గు వచ్చేది. మా ప్రాంతంలో దగ్గును ఎవరు పట్టించుకుంటారు? మాఘం వస్తే కల్లాల నిండా ఎండే మిరపకాయే. తొడిమలు తీసే ఆడవాళ్లు, బస్తాలు తొక్కే మగవాళ్లు దగ్గుతూనే కబుర్లాడుకుంటారు. "మిర్చి ఘాటు" అనేస్తే ఇక ఎవరూ అడగరు. మస్తాన్ గారి ఇంటి గోడను ఆనుకునే ఒక కల్లం ఉంది. అందుకే ఆయన దగ్గు మీద ఎవరికీ అనుమానం రాలేదు. ఆయన చూపించుకునే గుంటూరు డాక్టరు కూడా ఘాటుకే మందులు రాసేవాడు.

మధ్యాహ్నాలు బేరాలు లేనప్పుడు నేను శాఖా గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. అట్టలు ఊడిన పుస్తకాలైనా సరే, మొదటి పేజీ నుంచి చదివేదాన్ని. నా చదువంతా ఆ గదిలోదే, ఆ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఒకరోజు ఒక పాత సైన్సు పుస్తకంలో ఆస్బెస్టాస్ అనే అధ్యాయం కనిపించింది. అది రాతిలోంచి తీసే నారట. సిమెంటులో కలిపి రేకులు పోస్తారట. రేకు చెక్కుచెదరనంత కాలం ఆ నార చాలావరకు లోపలే ఉంటుంది. కోసినా, చిల్లు పొడిచినా, పగలగొట్టినా కంటికి ఆనని పోగులు గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లో దిగబడతాయి. జబ్బు బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఆ పుస్తకం తీసుకుని నేరుగా కొట్టుకు వెళ్లాను.

"మస్తాన్ గారూ, మీరేం పని చేస్తారని డాక్టరు అడిగాడా?"

"అడిగాడు. మిర్చి వ్యాపారం అన్నా."

"మరి రేకులు కోస్తారని?"

"సీజన్లో నాలుగు బస్తాలు అమ్మిపెడతాగా! గుంటూరు డాక్టరు ముందు కూర్చుని రేకులు కోస్తానని చెప్పుకోమంటావా అమ్మాయ్? మిర్చి వ్యాపారి అంటే కుర్చీ చూపిస్తారు."

మా నేల మీద మిర్చి అంటే పరువు. ఆ పరువు కోసం ఆయన అన్నేళ్లూ మిర్చి ఘాటుకు మందులు మింగారు.

అధ్యాయం మొత్తం చదివి వినిపించాను. ఆయన లేచి వెళ్లి, పొడి డబ్బాకు మూత బిగించి వచ్చి కూర్చున్నారు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని గుంటూరు వెళ్లి, డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పారు. పరీక్షలు చేసి, ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, అవి మళ్లీ మామూలు కావని డాక్టరు చెప్పాడు. తిరిగివస్తూ బస్సులో ఆయన ఒక్కమాటే అన్నారు. "నా సంగతి సరే. ఆ పొడి ఎన్ని ఇళ్లకు పంచానో."

రేకుల వ్యాపారం మానేశారు. ఏ కప్పు ఎప్పుడు వేశారో ఆయనకు నోటికి వచ్చు. ఆటో మాట్లాడుకుని ఒక్కొక్క ఊరూ తిరిగేవాళ్లం. ఏ గుమ్మంలో అడుగు పెట్టినా "ముందు పైకి చూడు" అనేవారు. పగుళ్లు, మేకుల చిల్లులు, పొడిరాలే అంచులు చూపించేవారు. ఏ రేకులో నార ఉందో చూసి చెప్పలేం కాబట్టి పాతదైతే ఉన్నట్టే అనుకోమనేవారు. బాగున్నదాన్ని కదిలించొద్దు, పాచి పట్టిందని బ్రష్షుతో రుద్దొద్దు, తీయక తప్పకపోతే తడిపి నిండు రేకుగా దించండి అని చెప్పేవారు. చాలామంది మర్యాదకు తలూపి టీ ఇచ్చి పంపేవారు.

ఒక వేసవి సెలవుల్లో మా ఊరి బడి కప్పు మారుస్తున్నారు. కూలీలు పైనుంచి రేకులు విసిరేస్తున్నారు. ఆ ముక్కలతోనే పిల్లలు ఆడుకునే చోట గుంతలు పూడుస్తారట. మస్తాన్ గారు ఆటో దిగి, రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుని, సరిగ్గా ఆ కప్పు కిందకు వెళ్లి నిలబడ్డారు.

"ఓ పెద్దాయనా, జరుగు! నెత్తిన పడుద్ది!" పైనుంచి ఒకడు అరిచాడు.

"పడనీ. నీళ్ల ట్యాంకరు వచ్చిందాకా జరగను."

కాంట్రాక్టరు నవ్వాడు. "అమ్మింది నువ్వేగా మస్తానూ! అప్పుడు బంగారం, ఇప్పుడు విషమా?"

"అమ్మినోణ్ణి కాబట్టే చెప్తున్నాన్రా. నేను తెలియక అమ్మా. నువ్వు తెలిసి పగలగొడతన్నావు."

చెయ్యి పట్టి లాగినా కదల్లేదు. కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, దగ్గుతూ, ఆ దుమ్ములోనే నిలబడ్డారు. చివరికి కాంట్రాక్టరే ట్యాంకరు తెప్పించాడు. మిగిలిన రేకులు తడిసి, తాళ్ల మీద ఒక్కొక్కటిగా నిండుగా దిగాయి. అప్పటికే విరిగినవాటిని తడిపి, మందపాటి ప్లాస్టిక్ పట్టాల్లో చుట్టి తీసుకెళ్లారు. బడి తెరిచేసరికి ఆవరణలో ముక్క లేదు.

ఆ పై మాఘంలో ఆయన పోయారు. గోడ అవతల కల్లంలో కాయ ఎర్రగా ఆరుతోంది. వచ్చినవాళ్లందరూ దగ్గుతున్నారు. "పాపం, ఆ ఘాటే తినేసింది" అన్నారెవరో. "ఘాటు కాదు, రేకు పొడి" అన్నాను. దుఃఖంలో ఉన్నదాన్నని నన్ను ఎవరూ కాదనలేదు. ఎవరూ నమ్మనూ లేదు.

ఈ ఉదయం సందులో ఒక నడివయసు మనిషి, కూల్చిన గోడౌన్ రేకును స్నానాల గదికి సరిపడా కోస్తున్నాడు. కనురెప్పల దాకా తెల్లగా ఉన్నాడు.

"మిషన్ ఆపి ప్లగ్గు తీయి బాబూ. తడిపి చేతిరంపంతో కోసుకో" అన్నాను.

"నీళ్లు చల్లి కోయడానికి ఇదేమన్నా కూరగాయా అక్కా?" అని నవ్వాడు. నవ్వు చివర దగ్గు వచ్చింది. వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దగ్గాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"మిర్చి ఘాటక్కా. మన ఊళ్లో మామూలేగా."

ఇది శ్రావణం. మిరప ఇంకా నారుమళ్లలోనే ఉంది. కల్లాల్లో గడ్డి మొలిచింది. బకెట్ కింద పెట్టి అడిగాను.

"డాక్టరుకు ఏం పని చేస్తానని చెప్పావు?"