బొగోటాలో వంటమనిషి జీతం

నవోమి చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే రాసి పెట్టకపోతే, కింద చెప్పబోయేది చదివి మీరు ఆమెను ఏదో ఒకటి అనుకుంటారు. మా ప్రార్థన కూటంలో ఎవరికి పురుడొచ్చినా, హాస్పిటల్లో డ్యూటీ దిగి, నర్సు యూనిఫాం కూడా మార్చుకోకుండా మిరియాల చారు పట్టుకొచ్చే మనిషి ఆమే. కాకపోతే 1982 నుంచి రెండేళ్లపాటు ఆమెకొక జబ్బుండేది. ఆ జబ్బు పేరు లూసీ.

లూసీ, నవోమి ఒకే మిషన్ నర్సింగ్ స్కూల్లో చదివారు. ఒకరి చీర ఒకరు కట్టుకున్న స్నేహం. నవోమి భర్త జోసఫ్, లూసీ భర్త సుందర్ రాజ్ న్యూజెర్సీలో ఒకే మాత్రల కంపెనీలో, ఒకే ల్యాబ్‌లో కెమిస్టులు. అందరం ప్లెయిన్స్‌బరోలో ఒకే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లం. శుక్రవారం సాయంత్రం మాత్రం అరగంట డ్రైవ్ చేసి ఐసెలిన్ వెళ్లేవాళ్లం, దైవాశీర్వాదం గారింట్లో ప్రార్థన కూటానికి. ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే ఉద్యోగి. పాస్టరు కాకపోయినా అందరికీ అయ్యగారే. ఆయన భార్య దీనమ్మక్క అక్కడికొచ్చే నలభైమందికీ వండేది. ప్రార్థనకు ఎంతమంది వచ్చేవారో, దీనమ్మక్క చేపల పులుసుకు ఎంతమంది వచ్చేవారో ఎవరూ అడిగేవాళ్లు కాదు.

జోసఫ్ వాళ్ల కంపెనీకి దక్షిణ అమెరికాలో, బొగోటా అనే ఊళ్లో ఒక ఫ్యాక్టరీ ఉంది. అక్కడ రెండేళ్లు పనిచేయడానికి ఒక మనిషి కావాలని ముందు జోసఫ్‌నే అడిగారు. జోసఫ్ ఇంటికొచ్చి నవోమిని అడిగాడు.

"అక్కడెవరున్నారండీ మనకి? ఏడుపొస్తే స్పానిష్‌లో ఏడవనా?" అంది నవోమి.

మర్నాడు జోసఫ్ వద్దన్నాడు. సుందర్ రాజ్ సరేనన్నాడు. ఎయిర్‌పోర్టులో నవోమి లూసీని పట్టుకుని ఏడ్చి, ప్రెషర్ కుక్కర్‌కి రెండు గాస్కెట్లు చేతిలో పెట్టింది. "ఎలా బతుకుతావే తల్లీ" అని సాగనంపింది.

రెండు నెలల తర్వాత మొదటి ఉత్తరం వచ్చింది. అంతా బాగానే ఉన్నామని రాసింది లూసీ. ఆ "బాగానే" నవోమికి నచ్చలేదు. పరాయి దేశంలో సంసారం ఎంతలో నడుస్తోందో, దేనికెంత అవుతోందో వివరంగా రాయమని జవాబు రాసింది. స్నేహితురాలు ఇబ్బంది పడుతోందేమో తెలుసుకుందామని, అని తనకు తాను చెప్పుకుంది. ఇబ్బంది పడుతుంటే బాగుండునని అనుకున్నట్టు తర్వాత ఆమే నాతో చెప్పింది.

లూసీ వివరంగానే రాసింది. ఆ ఉత్తరాలన్నీ ఆ తర్వాత నేను నా కళ్లతో చదివాను.

"ఇంటి అద్దె కంపెనీ కడుతుంది. మూడు బెడ్‌రూములు, వెనక తోట. వంటమనిషికి నెలకి డెబ్బై డాలర్లు. పేరు రోసా. మన పప్పుచారు నేర్పాను, నాకంటే బాగా చేస్తోంది. ఇల్లు తుడిచి బట్టలుతికే అమ్మాయికి యాభై. ఇస్త్రీ కూడా తనే. నవోమీ, ఆ పిల్ల సాక్సు కూడా ఇస్త్రీ చేసి మడతపెడుతుందే! డాక్టరు ఇంటికొస్తే ఎనిమిది డాలర్లు. కొత్తిమీర కట్ట మనూళ్లోలాగే చవక, ఐదు సెంట్లు. డాలరుకి రెండు డజన్ల గులాబీలు. రోజూ బల్లమీద పెడుతున్నాను, ఏం చేయాలో తోచక."

ఆ పేజీ వెనకవైపు ఇంకో జాబితా ఉంది. "బయటి దేశం సరుకు మాత్రం ముట్టుకోలేం. కార్న్‌ఫ్లేక్స్ డబ్బా నాలుగు డాలర్లు. షాంపూ ఆరు. కారు అక్కడి ధరకి రెట్టింపు. ఊరు కొండమీద కదా, పప్పు ఒక పట్టాన ఉడకదు, నీ గాస్కెట్లే కాపాడుతున్నాయి. ఇళ్లల్లో హీటర్లుండవు. మధ్యాహ్నం కాగానే వాన. కిటికీలకి ఇనుప చువ్వలు."

చివర్లో ఒక మాట. "నువ్వు వద్దనబట్టే కదే ఇదంతా మాకు దక్కింది. ఈ ఉత్తరం కూటంలో అందరికీ చదివి వినిపించు."

ఆలోచించండి. తన వంటమనిషిని, తన గులాబీలను, తన ఇస్త్రీ సాక్సులను నవోమి తన చేత్తోనే లూసీకి అప్పజెప్పింది. ఇప్పుడా సంగతి నలభైమంది ముందు తన నోటితోనే చదవాలి. చదవకుండా ఊరుకుందామంటే, ఉత్తరం వచ్చిందని, పోస్టాఫీసులో విడదీస్తూ ఆ స్టాంపు చూసి, అందరికంటే ముందు ముచ్చటపడింది దైవాశీర్వాదం గారే. పోస్టాఫీసు మనిషి దగ్గర ఉత్తరం దాచడం ఎవరి తరం?

ఆ శుక్రవారం నవోమి లేచి నిలబడి చదివింది. వెనకవైపు చదివింది. ముందువైపు వదిలేసింది.

"కార్న్‌ఫ్లేక్స్ నాలుగు డాలర్లంట" అంది. అందరం నోళ్లు తెరిచాం.

"ఇంట్లో హీటర్ లేదంట. పప్పు ఉడకదంట. కిటికీలకి చువ్వలంట."

"అయ్యో, జైల్లో ఉన్నట్టేనా!" అంది దీనమ్మక్క, ముక్కు చీదుతూ.

అయ్యగారు మోకరించి అరగంట ప్రార్థించారు. "పప్పు ఉడకని దేశంలో ఉన్న మా సోదరిని జ్ఞాపకం చేసుకో ప్రభువా" అన్నారు. "ఆమె పొయ్యిని దీవించు" అన్నారు. అప్పుడు రోసా ఏం చేస్తోందో గానీ, మేం మాత్రం కళ్లనీళ్లతో ఆమేన్ అన్నాం.

ఆ తర్వాత ప్రతి ఉత్తరమూ అంతే. తోటమాలి వచ్చాడని లూసీ రాస్తే, వానకి తోట కుళ్లిందన్న వాక్యం నవోమి చదివేది. పిల్లల్ని బడికి దింపే డ్రైవరు సంగతి వదిలేసి, బడి ఫీజు ఎంతో చదివేది. అబద్ధం ఒక్కటి కూడా చదవలేదని, అది ఆమెకు పెద్ద ధైర్యంగా ఉండేదని తర్వాత చెప్పింది. ఉన్నదే చదివింది. కొంచెం ఏరి చదివింది, అంతే.

కానీ వదిలేసిన పేజీలు ఎక్కడికీ పోలేదు. అవి ఆమె లోపలే తిరిగేవి. మా అపార్ట్‌మెంట్ల కింద లాండ్రీ గది ఉండేది. శనివారం ఉదయం మిషన్లలో వేసే క్వార్టర్ నాణేలు పోగేసుకుని అక్కడికి వెళ్లేవాళ్లం. ఒకసారి నవోమి జోసఫ్ సాక్సుల జతలు కలుపుతూ కలుపుతూ హఠాత్తుగా ఒకదాన్ని నేలకేసి కొట్టింది.

"సాక్సుకి ఇస్త్రీ ఏంటి చెప్పు? ఎవరైనా చేస్తారా? బుద్ధున్నవాళ్లు చేస్తారా?"

"ఎవరు చేశారిప్పుడు?" అన్నాను నేను, ఏమీ తెలియక.

"ఎవరూ చెయ్యలేదు. సబ్బుపొడి తే."

ఆ చలికాలం కూటమంతా కలిసి లూసీకి పార్సిల్ పంపాం. కార్న్‌ఫ్లేక్స్ ఆరు డబ్బాలు, కందిపప్పు, మూడు ఉన్ని దుప్పట్లు. అందులో ఒకటి నాది, మా అమ్మ చీరాల నుంచి పంపింది. ఇవ్వాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి, పాపం హీటర్ లేదు కదా అని ఇచ్చేశాను. లూసీ జవాబు రాసింది. "కార్న్‌ఫ్లేక్స్ చూసి పిల్లలు గంతులేశారు" అని నవోమి చదివి కాగితం మడిచేసింది. అందరం సంతోషించాం. "దుప్పట్లు రోసాకీ వాళ్ల అక్కచెల్లెళ్లకీ ఇచ్చాను, ఎంత మురిసిపోయారో" అనేది ఆ మడతలో ఉండిపోయింది.

అలా రెండేళ్లు గడిచాయి. 1984 మార్చిలో ఒక బుధవారం జోసఫ్ ఆఫీసు నుంచి స్వీట్ల పెట్టెతో వచ్చాడు. నవోమి సింకు దగ్గర గిన్నెలు తోముతోంది. మాటల్లో చెబితే నమ్మవని నాకు జోసఫ్ ఎలా నిలబడ్డాడో కూడా చేసి చూపించింది, కోటు విప్పకుండా, పెళ్లికొడుకులాగా.

"ఇవాళ మా బాస్ పిలిచాడు. సుందర్ రాజ్ టర్మ్ అయిపోతోందంట. బొగోటాకి మళ్లీ నన్నే వెళ్లమన్నాడు."

నవోమి కుళాయి కట్టేసింది. రెండేళ్లుగా మూసిపెట్టుకున్న పేజీలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయట. మూడు బెడ్‌రూములు. రోసా. గులాబీలు.

"ఏమన్నారు?"

"అక్కడికక్కడే వద్దన్నాను" అన్నాడు జోసఫ్, నవ్వుతూ. "కాస్త కోప్పడ్డాడు. ప్రమోషన్ పోతుందన్నాడు. పోతే పోనీ అన్నాను. నువ్వా ఉత్తరాలు చదివేటప్పుడు నీ మొహం చూడట్లేదా నేను? ఆ చలిలో, ఆ చువ్వల మధ్య నిన్ను పెట్టి నేను సుఖపడతానా? ఇదుగో, కాజాలు."

మీరడగొచ్చు, ఒకే కంపెనీ కదా, జోసఫ్‌కి అసలు సంగతి తెలియదా అని. సుందర్ రాజ్ ఆఫీసుకు పంపే టెలెక్సుల్లో మాత్రల సంగతే గాని వంటమనిషి సంగతి ఉండదు. భార్య ఉత్తరాలు విప్పి చదవడం మర్యాద కాదనుకునే మనిషి జోసఫ్. అంత మంచివాణ్ణి మోసం చేయడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఆ సంగతే నవోమికి ఆ పూట అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె చేతులు తుడుచుకుని, బీరువాలో చీరల కింద నుంచి పదకొండు ఉత్తరాలూ తెచ్చి బల్లమీద పెట్టింది. "చదవండి. మొదటి పేజీ నుంచి" అంది.

జోసఫ్ చదివాడు. కాజాలు అలాగే ఉన్నాయి. చాలాసేపటికి తలెత్తాడు.

"సాక్సు కూడానా?"

"ఊఁ."

"మరి ఇన్నాళ్లూ... ఎందుకే?"

"కుళ్లు" అంది నవోమి. "ఇంకేముంటుంది? నాకు రావాల్సింది దానికొచ్చింది. వచ్చిందాన్ని నేనే తోసేశాను. నలుగురి ముందూ అది చదివితే, చూశారా నవోమి ఎంత తెలివితక్కువదో అనుకోరూ?"

జోసఫ్ కోప్పడలేదట. కోప్పడితే బాగుండునని ఎదురుచూసిందట. ఉత్తరాలన్నీ తేదీల ప్రకారం సర్ది, "పొద్దున్నే బాస్‌ని అడుగుతాను. నిన్ననేగా వద్దన్నావు అంటాడు, అననీ" అన్నాడు. ఆమె పక్కన నిలబడి గిన్నెలు తుడిచాడు కూడా.

మర్నాడంతా నవోమి ఫోన్ పక్కనే కూర్చుంది. హాస్పిటల్‌కి ఒంట్లో బాగాలేదని చెప్పింది. అది మాత్రం అబద్ధం కాదు. నాలుగింటికి జోసఫ్ ఫోన్ చేశాడు.

"ఇచ్చేశారు నవోమీ. నిన్న సాయంత్రమే. టెక్సాస్ ల్యాబ్‌లో కుర్రాడు, శ్యామ్‌సుందర్ అని."

"మనవాడేనా?"

"మనవాడే. పెళ్లి కూడా కాలేదు."

పెళ్లి కూడా కాలేదు! వాడి సాక్సులు ఎన్నుంటాయి గనక! నవోమి అదే మాట అన్నదట ఫోన్‌లో, అని ఫోన్ పెట్టేసి అప్పుడు ఏడ్చిందట.

మర్నాడు శుక్రవారం. కూటానికి రానంటే, ఎందుకు రాలేదని ఇరవై ఫోన్లొస్తాయి. వచ్చి మూలన కూర్చుంది. జోసఫ్ బొగోటా వద్దన్న సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. బుధవారం కాజాలు కొంటూ దుకాణంలో తనే గర్వంగా చెప్పుకున్నాడు మరి. దైవాశీర్వాదం గారు కృతజ్ఞతలు మొదలుపెట్టారు.

"మన జోసఫ్ కుటుంబాన్ని ఆ కష్టాల దేశానికి వెళ్లకుండా తప్పించిన ప్రభువుకు స్తోత్రం!"

"స్తోత్రం!" అన్నాం నలభైమందిమీ.

"ఆ చలి నుంచి, ఆ ఇనుప చువ్వల నుంచి మా సోదరి నవోమిని కాపాడినందుకు స్తోత్రం! ఆమేన్ అనమ్మా నవోమీ."

నవోమి అనలేకపోయింది. జోసఫ్ తలొంచుకుని కార్పెట్ చూస్తున్నాడు. పోయిన ఉద్యోగానికి తనే దేవుడికి కృతజ్ఞత చెప్పాలి, చెప్పకపోతే ఎందుకో చెప్పాలి. ఆమె లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఆ స్తోత్రం వెనక్కి తీసుకోండి" అంది.

ఎవరికీ ఏం అర్థం కాలేదు. నవోమి సంచిలోంచి ఆ జాబితాల ఉత్తరం తీసింది. ఎందుకు తెచ్చుకుందో అప్పటికి ఆమెకే తెలియదంది. ఈసారి ముందువైపు నుంచి చదివింది. మూడు బెడ్‌రూములు. తోట. డెబ్బై డాలర్లు. యాభై డాలర్లు. సాక్సులు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. "నువ్వు వద్దనబట్టే కదే ఇదంతా మాకు దక్కింది" దాకా చదివి, పార్సిల్ వచ్చినప్పటి ఉత్తరం కూడా తీసి, దుప్పట్ల సంగతి కూడా చదివింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నవోమి మీద నాకు జాలి కలగలేదు. మా అమ్మ దుప్పటి కప్పుకుని బొగోటాలో పడుకున్న రోసా మీద మహా అసూయ కలిగింది.

"ఇన్నాళ్లూ మీరు చేసిన ప్రార్థనలన్నీ నావల్ల దండగయ్యాయి. నన్ను క్షమించండి" అని నవోమి కూర్చుంది.

ఎవరు తిడతారా అని చూస్తున్నాం. అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు, ఏ వాక్యం ఎత్తుకోవాలో తెలియక. చివరికి దీనమ్మక్క నోరు తెరిచింది.

"వంటమనిషికి ఎంతన్నావే?"

"డెబ్బై, అక్కా."

"నెలకా?"

"నెలకే."

దీనమ్మక్క తన చేతులకేసి చూసుకుంది. వాటికి అప్పటికే పసుపూ చేపల వాసనా ఉన్నాయి. తర్వాత అయ్యగారి వైపు తిరిగింది. "ఏమయ్యా, మీ పోస్టాఫీసుకి అక్కడ బ్రాంచి లేదూ?"

"అమెరికా పోస్టాఫీసుకి బొగోటాలో బ్రాంచేంటే, నీ మొహం!"

అప్పుడు మొదలైంది. నా పక్కన రాధారాణి మొగుణ్ణి మోచేత్తో పొడిచి మీ కంపెనీ సంగతేంటంది. వెనక ఎవరో గులాబీలు డజనెంతో మళ్లీ అడిగారు. ఆ సాయంత్రం ప్రార్థన ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిపోయింది. భోజనాల దగ్గర ఏ భార్యా భర్తతో మాట్లాడలేదు. నవోమిని ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎవరికీ తీరిక లేదు.

భోజనాలయ్యాక నవోమి ఎవరూ అడగకుండానే సింకు దగ్గరకు వెళ్లి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. పులుసు డేగిసా, అన్నం గంగాళం, అన్నీ. నేను తుడుస్తున్నాను. దీనమ్మక్క వచ్చి పక్కన నిలబడింది.

"నలుగురికి వండే దానికి డెబ్బై అయితే, నలభైమందికి వండే దానికి ఎంతే?"

నవోమి నురగ చేతులతో ఆగి, నిజంగానే లెక్కేసింది. "ఏడు వందలక్కా" అంది, బెదురుతూ.

"అది కాగితమ్మీద రాయి. వచ్చే శుక్రవారం అందరి ముందూ మీ అయ్యగారికి చదివి వినిపించు" అంది దీనమ్మక్క, ఆమె చేతిలోంచి డేగిసా లాక్కుంటూ. "ఈసారి ఏదీ వదిలెయ్యకు."