సున్నా ఉస్తాద్‌ది, ఇంటూ నాది

ఆ రోజు నేనొక పెద్దాయనను, తన చేత్తో గీసిన కాగితాలను తననే చూడనివ్వకుండా గేటు దాకా నడిపించి పంపేశాను. ఆయన దగ్గర ఉత్తరం లేదన్నది నా సాకు.

నాచారంలో మూతబడ్డ ఒక ఫ్యాక్టరీ షెడ్డును ఆర్ట్ గ్యాలరీ చేశారు. వెనక గదిలో పరిశోధన గ్రంథాలయం, పాత కాగితాల ఆర్కైవ్ ఉన్నాయి. నేను వాటికి లైబ్రేరియన్‌ని. చేసేది మాత్రం కాపలా. పరిశోధకులు వస్తారు, ఏసీ కింద పుస్తకం తెరిచి ఫోను చూసుకుంటారు, నేను తెప్పించిన టీ తాగి వెళ్లిపోతారు. వాళ్ల దగ్గర యూనివర్సిటీ ఉత్తరం ఉంటుంది కాబట్టి కుర్చీ వేస్తాను.

పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. చొక్కా జేబు మీద ఎర్రరంగు మరక. మల్లాపూర్‌లో బండ్ల నంబరు ప్లేట్లు రాస్తానన్నాడు. వెనకటి సినిమా హోర్డింగుల నమూనాలు మా దగ్గర ఉన్నాయని పేపర్లో చూశాడట. అరచేతంత ఫొటోను ఇంటి ఎత్తు బొమ్మగా పెంచడానికి ముందు, పెయింటర్లు కాగితం మీద గళ్లు గీసుకునేవారు. ఆ కాగితాలవి.

"జర ఒక్కసారి సూస్త సార్. గవి మా ఉస్తాద్ దుకాణంల గీసినయే."

"ఉత్తరం ఉందా?"

"ఏం ఉత్తరం?"

"యూనివర్సిటీది. అయినా నువ్వు గీశావని రుజువేంటి?"

ఆయన కోపపడలేదు. "కొన్ని గళ్లల్ల సున్న ఉంటది, కొన్నిట్ల ఇంటూ ఉంటది. సున్న ఉన్నది ఉస్తాద్ వేస్తడు. మొఖం, చేతులు. ఇంటూ ఉన్నది నేను. చీర, చెట్లు, ఆకాశం. గంతే సార్. మొఖాలు నావి గావు."

ఉత్తరం తెచ్చుకోమని లేచాను. గేటు దగ్గర ఆగాడు. "మా ఉస్తాద్ పేరన్న రాసిన్రా సార్ గాడ? ఆయన పోయి శాన యేండ్లాయె. గా పేరు ఇంకేడ లేదు."

"చూస్తాం," అన్నాను. చూడ్డానికేముంది? ఆ కాగితాల పెట్టెకున్న కార్డు మీద 'అజ్ఞాత చిత్రకారుడు' అని రాసింది నేనే.

లోపలికి వచ్చి పెట్టె దించాను. ముఖం ఉన్న ప్రతి గడిలో సున్నా. చీర కుచ్చిళ్లలో, ఆకాశంలో ఇంటూ. ఆ గుర్తుల మీద ఒక పరిశోధకుడు పెద్ద వ్యాసమే రాశాడు. సున్నా అంటే శూన్యమట, ఇంటూ అంటే కళాకారుడు లోకాన్ని తిరస్కరించడమట. అతను అది సభలో చదివినప్పుడు మేమంతా చప్పట్లు కొట్టాం. దానికి అట్ట వేసి అలమరలో పెట్టింది కూడా నేనే. షేర్ ఆటోలో మల్లాపూర్ దాకా వెళ్లి ఒక పెయింటర్‌ని అడుగుదామని అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

కార్డు మార్చాలని గ్యాలరీ యజమానురాలితో అన్నాను.

"పేర్లు పెడితే మామూలు పెయింటర్లు అయిపోతారండీ. రేపు ప్రదర్శనకు పెట్టినా, అజ్ఞాత అంటేనే జనం ఆగి చూస్తారు," అందామె.

ఎంత నీచమైన మాట అనుకున్నాను. నా బల్ల దగ్గరకు వచ్చి కూర్చున్నాక గుర్తొచ్చింది. కార్డు రాసిన రోజు పేరు కనుక్కోవడానికి బద్ధకించి, 'అజ్ఞాత' అన్నది అందంగానే ఉందని నేనూ అనుకున్నాను. ఆమె పైకి అంది. నేను అనకుండా రాశాను.

సాయంత్రం మల్లాపూర్ వెళ్లాను. పంక్చర్ల షాపు పక్కన రేకుల నీడలో ఆయన ఒక ఆటో వెనక అక్షరాలు దిద్దుతున్నాడు.

"ఉత్తరం దెచ్చిన్రా సార్?"

సంగతి ముందే విన్నట్టున్నాడు, ఆటో అతను పకపకా నవ్వాడు. ఆ నవ్వు నాకు దక్కాల్సిందే.

"తప్పు నాదండీ. మిమ్మల్ని నువ్వు అన్నాను. కూర్చోమని కూడా అనలేదు."

"నువ్వంటే ఏమైతది? మా ఉస్తాద్ తిట్టకుంట పిలిశిందే లేదు. ఆయన పేరు రాస్తరా లేదా, గది జెప్పున్రి."

జేబులోంచి ఖాళీ కార్డు తీసిచ్చాను. ఆయన చేతులు తుడుచుకుని, సన్న బ్రష్షుతో ఉస్తాద్ పేరు రాశాడు. ఒక్క అక్షరం వణకలేదు.

"మరి మీ పేరు?"

పేరు చెప్పాడు. "కింద మీరే రాసుకోన్రి. చిన్నగ."

మర్నాడు పాత కార్డు తీసేసి దాన్ని పెట్టాను. మార్చింది నేనేనని యజమానురాలికి చెప్పాను. తర్వాత మాట్లాడదామంది. ఆ మాటలు ఇంకా కాలేదు. నేను రమ్మన్నట్టే పదకొండింటికి పెద్దాయన వచ్చాడు. కుర్చీ వేసి పెట్టె ముందు పెట్టాను. ఆయన ముందుగా కార్డే చూశాడు.

"చిన్నగ అన్న గద సార్."

విన్నాను. కానీ ఉస్తాద్ పేరు ఎంత ఉందో, కింద ఆయన పేరూ అంతే రాశాను.