మొరం దిబ్బ అవతలి పొరుగోళ్లు

నేను దయ్యాలను నమ్మినోన్ని కాదు. మా ఊర్ల దయ్యం పట్టిందన్న ప్రతి మనిషికి ఒక ఎక్కిరింత పేరు పెట్టేటోన్ని; సగం మంది ఆ పేరు విని నవ్వి లేచి కూసునేటోళ్లు. దయ్యమనేది నిజంగ ఉంటే నా నోటికి జడిసి ఎప్పుడో తాలూకా దాటిపోయి ఉండాలె.

చదువు కూడ ఎక్కువ లేదు. మూడో జమాతుల పంతులు మీద ఒక మాటంటే తరగతంత నవ్వింది, పంతులొక్కడే నవ్వలే. ఆనాడే బడి బంద్. తర్వాత మా అన్న లచ్చన్న ఎనుక బండి కట్టిన. కనుక ఇది చదువుకున్నోని రాత కాదు. నా చెవులు విన్నది, నా ఒంటి మీద పడ్డది, అంతే రాస్తున్న.

దేశదేశాల పెద్ద లడాయి మొదలుకాకముందు సంగతి. ఎండకాలం. ఎల్లారెడ్డి దిక్కు అడివి నుంచి బీడీలు చుట్టే తునికాకు కట్టలు కామారెడ్డి టేషనుకు తోలేది, వచ్చేటప్పుడు ఉప్పు బస్తాలు తెచ్చేది. మూడు బండ్లు: అన్నది, నాది, చాంద్ మియాది. చాంద్ మియాది మా బాపు వయసు, మేము చిచ్చా అనేటోళ్లం. ఆ ఎండకు ఎడ్లు ఆగవు. అందుకని రాత్రంత తోలి, పొద్దెక్కినంక చెట్ల కింద బండ్లు ఇడిసి, మాపటిదాక పండేది. ఊరందరికి పగలైతే మాకు రాత్రి.

మా అన్న మంచోడే, ఆయన చెయ్యే మంచిది కాదు. అంతకుముందు ఏడాది పిట్లం అంగట్ల నేనొకన్ని ఎక్కిరిస్తే వాడు నా మీదికొచ్చిండు. అన్న వాని రెండు పండ్లు రాలగొట్టిండు. మూడు దినాలు ఠాణాల కూసుండవెట్టి, ఇంకోసారి చెయ్యి లేస్తే జైలే అని చెప్పి ఇడిసిండ్రు.

ఈసారి బయలెల్లేటప్పటికి వదినెకు నెలలు నిండినయి. మా అవ్వ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"సాయిలూ, నీ నోరు మొదలువెడ్తది, వాని చెయ్యి ముగిస్తది. బిడ్డ పుట్టేనాటికి వాడు ఇంట్ల ఉండాలె, జైల్ల కాదు. నీ నోరు కట్టుకో కొడుకా."

"ఎద్దు లెక్క మూతికి చిక్కం ఏసుకుంట అవ్వా," అన్న నేను. నవ్వలే. అవ్వ చేతిల చెయ్యి ఏయించుకొని ఇడిసింది.

లింగంపేట దాటినంక రోడ్డు పక్కన ఒక మామిడితోట ఉండేది. తోట నడుమ ఒక మొరం దిబ్బ, మనిషి ఎత్తు. ఇవతల ఇన్ని చెట్లు, అవతల ఇన్ని చెట్లు. బండ్లోళ్లందరు అక్కడనే మకాం చేసేది.

మకాముకు మా బండ్లోళ్ల కాయిదాలు, కట్టుబాట్లు ఉన్నయి, ఎవరు రాసినయి కావు. ఎడ్ల మెడగంటలల్ల గడ్డి కుక్కాలె, పక్కోని నిద్ర చెడొద్దని. ఎనుక వచ్చినోడు ముందు దిగినోని పొయ్యి కాడికి పోయి నిప్పు అడగాలె. నడుముకు అగ్గిపెట్టె ఉన్నా సరే, అడగాలె. ఒక్కసారి నిప్పు ఇచ్చి పుచ్చుకున్నంక ఆ దినమంత ఒకరి మీద ఒకరు గొంతు లేపొద్దు, కట్టె లేపొద్దు.

పోయేటప్పుడు మేము ఇవతలి దిక్కు దిగినం. ఇంకెవరు లేరు. జొన్న గటుక తాగి, గంటలల్ల గడ్డి కుక్కి పండినం.

మిట్టమధ్యాహ్నం సప్పుడుకు మెలుకువొచ్చింది. దిబ్బ అవతల మనుషులు. అరుపులు, బూతులు. అన్న రుమాలు చెవులకు చుట్టుకొని అటు మళ్లిండు. చిచ్చా లేచి కూసున్నడు.

"ఎప్పుడొచ్చిండ్రు వీండ్లు? నిప్పు అడగనే లేదు," అన్నడు.

అప్పుడు అవతల ఒకడు గొంతెత్తి అన్న మాట ముగ్గురం విన్నం. "పెద్దన్నా, నీ ఎడ్లను చూసి నేర్చుకోరాదే! అవి రాత్రంత గుంజి నోరు మూసుకున్నయి. నువ్వు రాత్రంత బండ్ల పండి నోరు తెరిచినవు. కాడి ఎవల మెడ మీద పెట్టాల్నో దేవునికి తెల్వకపాయె!"

నలుగురు నవ్విండ్రు. ఒకని నవ్వు దగ్గుల పడి ఆగింది.

దాని ఎనకనే కట్టెల మోత. కట్టె మీద కట్టె కాదు, కట్టె మీద మనిషి. ఒక ఎద్దు రంకె. "అన్నా, ఇడ్సిపెట్టే! అన్నా!" అని ఎవడో గొంతు చించుకున్నడు. తర్వాత ఎండిన తుమ్మకొమ్మ ఇరిగినట్టు ఒక్క సప్పుడు. అంతే, గప్‌చిప్. ఆ నిశ్శబ్దంల ఒక్క మెడగంట మాత్రం కొద్దిసేపు మోగి ఆగింది.

"సంపిండ్రు ఎవన్నో," అని అన్న ముల్లుగర్ర పట్టుకొని ఉరికిండు. నేను ఎనక ఉరికిన. ఇద్దరం దిబ్బ ఎక్కి నిలవడ్డం.

అవతల ఎవరు లేరు. బండ్లు లేవు. కిందికి దిగి చూసినం. గిట్టల అచ్చు లేదు, చక్రాల జాడ లేదు, పేడ లేదు, బూడిద లేదు. రాలిన మామిడాకు మీద ఆకు ఉన్నట్టే ఉన్నది. మా ఆరు ఎడ్లు మాత్రం మేత ఇడిసి దిబ్బ దిక్కే మొకం పెట్టి నిలవడ్డయి. చీకటి పడేదాక పరక ముట్టలే.

బండ్లు కట్టేటప్పుడు చిచ్చా మెల్లగ అన్నడు. "బేటా, ఆ ఎక్కిరిచ్చినోని గొంతు నీదే."

"నా గొంతు అంత మంచిగుంటదా చిచ్చా? ఎవడో నా సరుకు దొంగిలించి అమ్ముకుంటున్నడు," అన్న.

నవ్వులాటకు నేనట్లన్న గని, నాకొక్కటే నచ్చింది, ఆ మాట. మంచి మాట. నేను ఎన్నడు అనని మాట. కామారెడ్డి దాక మనసుల తిప్పుకుంట పోయిన. ఎవనికి చెప్పలే, మంచి సమయానికి వాడుకుందామని దాచిపెట్టిన. అవ్వ చేతిల చెయ్యి ఏసినోడు చేసే పనేనా అది? కాని దొరికిన మాటను పారేసే అలవాటు నాకు లేదు.

నాలుగో దినం ఉప్పు బస్తాలతోని మళ్ల అదే తోట చేరుకున్నం. మేము మునుపు దిగిన చోట అప్పటికే నాలుగు బండ్లు ఉన్నయి. నలుగురు మనుషులు గొంగడ్లు పరుసుకొని పండిండ్రు. ఇగ అవతలి దిక్కే మాకు మిగిలింది. "ఇంకో తోట చూద్దాం," అన్నడు చిచ్చా. ఎడ్ల కాళ్లు లేస్తలేవు. దిగినం.

"సాయిలూ, పోయి నిప్పు అడిగి తే," అన్నడు అన్న.

కామారెడ్డిల కొన్న కొత్త అగ్గిపెట్టె నా చేతిల ఉన్నది. "నిద్రపోయేటోళ్లను లేపుడెందుకే, మర్యాద కాదు," అని పుల్ల గీసి పొయ్యి అంటించిన. చిచ్చా నా దిక్కు ఒక చూపు చూసి ఎడ్లకు మేత ఏయపోయిండు.

మధ్యాహ్నానికి వాండ్లు లేచిండ్రు. కల్లు తాగిండ్రు, ఎడ్ల గంటలల్ల గడ్డి తీసేసిండ్రు, డబ్బా కొట్టుకుంట పాట అందుకున్నరు. అన్న రెండుసార్లు ఓర్సుకున్నడు. మూడోసారి దిబ్బ ఎక్కి మంచిగనే అడిగిండు, "జర మెల్లగ కానియ్యుండ్రి అన్నా, రాత్రంత తోలినం," అని.

వాండ్ల పెద్దమనిషి పేరు గంగారాం అని తర్వాత తెలిసింది. బర్రెకొమ్ముల మీసాలు. నలుగురు కట్టెలు పట్టుకొని దిబ్బ దిగి మా పొయ్యి కాడికే వచ్చిండ్రు.

"మా నిప్పు అడిగినవారా నువ్వు? అడగనోడు మాకు పొరుగోడెట్లయితడు? లొల్లి పెడ్తం, ఏం చేస్తవు?" అన్నడు.

వాడన్నది కాయిదానే. తప్పు నాది. ఆడ ఒక్క మాట "తప్పయింది పెద్దన్నా" అంటే అయిపోతుండె. నోరు తెరిచిన. దాచిపెట్టిన మాట బయటికొచ్చింది. పెద్దన్నా నుంచి దేవుని దాక, ఒక్క అక్షరం పోకుండ.

వాని మనుషులే నవ్విండ్రు. మా అన్న కూడ నవ్విండు. ఒకని నవ్వు దగ్గుల పడి ఆగింది.

ఆ దగ్గు పోయేటప్పుడు దిబ్బ అవతలి నుంచి విన్న దగ్గే. ఇగ ఏమైతదో నాకు తెలుసు.

గంగారాం మొదటి దెబ్బ అన్న చెవి మీద ఏసిండు. చెవి చీలి రక్తం భుజం దాక కారింది. అన్న ఆ కట్టె గుంజుకొని వాని మోకాలు మీద కొట్టిండు. మిగతా ముగ్గురు మీద పడ్డరు. చిచ్చాను తోసేసిండ్రు. నా పక్కటెముకల మీద రెండు దెబ్బలు. ఒక కట్టె గురి తప్పి నా ఎద్దు కొమ్ము మీద పడ్డది, అది రంకె ఏసి మెడ జాడించింది. అన్న బండి చక్రం ఇనుప సీల గుంజిండు. గంగారాం కింద పడి ఉన్నడు, వాని ఛాతీ మీద అన్న మోకాలు. సీల పైకి లేచింది.

"అన్నా, ఇడ్సిపెట్టే! అన్నా!"

అరిచినంక గాని తెల్వలే, ఆ అరిచినోన్ని నేనే. తర్వాత వచ్చే సప్పుడు నా చెవులల్ల నాలుగు దినాల నుంచి ఉన్నది. అది ఎవని బొక్క ఇరిగిన సప్పుడో మాత్రం తెల్వదు. గంగారాం తలకాయదైతే అన్నకు ఉరే. పుట్టే బిడ్డకు తండ్రి లేడు. ఇంకేం ఆలోచించలే. ఇద్దరి నడుమ నా మొకం పెట్టిన.

తుమ్మకొమ్మ ఇరిగింది. నా దవడ అది.

అందరు ఆగిండ్రు. నా ఎద్దు మెడగంటల కుక్కిన గడ్డి ఊడిపోయి, ఆ ఒక్క గంట కొద్దిసేపు మోగి ఆగింది.

అన్న సీల పారేసి నన్ను ఒడిల పెట్టుకొని ఏడ్చిండు. చిచ్చా రుమాలు చించి దవడ కట్టిండు. గంగారాం కుంటుకుంట పోయి, కుండపెంకుల తన పొయ్యి నిప్పుకలు తెచ్చి మా పొయ్యిల పోసిండు. ఆ నలుగురు నా చుట్టే కూసున్నరు. ఏ ఠాణాకు ఎవరు పోలే. తమ్ముని దవడ అన్న ఇరగ్గొడితే ఫిర్యాదు ఇచ్చేదెవరు? పదకొండో దినం వదినె ఆడపిల్లను కన్నది. అన్న ఇంట్లనే ఉన్నడు.

ఇంతవరకు చెప్తే నమ్మేటోళ్లు ఉన్నరు. మిగిలింది చిచ్చా, నేను తప్ప ఎవరు వినలే.

నిప్పు పోసి వాండ్లు కూసున్నంక, దిబ్బ అవతల, పోయేటప్పుడు మేము పండిన దిక్కు నుంచి, ఇప్పుడు ఎవరు లేని కాడి నుంచి, ఇద్దరు మనుషులు ఉరికొస్తున్న సప్పుడైంది. మొరం జారుతున్నది. దిబ్బ మీదికెక్కి ఆగిండ్రు. రొప్పుతున్నరు. చిచ్చా నా దిక్కు చూసిండు, నేను చిచ్చా దిక్కు చూసిన. పైన ఎవరు కనవడలే. నాలుగు మొరం రాళ్లు మాత్రం దొర్లి మా పొయ్యి కాడికి వచ్చి ఆగినయి.

ఇది ఏందని మౌల్వీనడిగిన, అయ్యగారినడిగిన. చెరొకటి చెప్పిండ్రు, ఏది అతకలే. నాకు ఇప్పటికి తెల్వదు. ఒక్కటి మాత్రం తెలుసు: ఆ పైన నిలవడి మమ్ములను చూడలేకపోయినోళ్లకు నేను చెప్పవలసిన మాట ఒకటి ఉండె, ఆ ఎక్కిరింత దాచిపెట్టుకోకు, ఇక్కడనే పారేసి పో అని. ఉన్న ఒక్క పనికొచ్చే మాట అది. అప్పటికే నా నోరు కట్టేసి ఉన్నది.